సంతకం ఒకరిది... చావు మరొకరిది!

అంతర్యుద్ధంతో కాలిపోతున్న దేశానికి పొరుగు దేశం సైన్యాన్ని పంపితే శాంతి వస్తుందా? వస్తుందని 1987లో ఢిల్లీ పాలకులు నమ్మారు. దేశాన్ని నమ్మించారు. ఆ నమ్మకానికి దాదాపు 1,200 మంది మన జవాన్లు శ్రీలంక గడ్డ మీద ప్రాణాలిచ్చారు.

ఆ ఏడాది జులై 29న కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేసింది ఇద్దరు. ఒకరు రాజీవ్‌గాంధీ, రెండోవారు జయవర్ధనే. తుపాకీ పట్టిన ఎల్‌టీటీఈ సంతకం అందులో లేదు. ప్రభాకరన్‌ను ఢిల్లీ హోటల్లో ఉంచి ఒప్పించామనుకున్నారు. అటు సింహళీయులూ రగిలిపోయారు. మర్నాడే గౌరవ వందనం స్వీకరిస్తున్న రాజీవ్‌ను ఒక నావికుడు తుపాకీ మడమతో కొట్టాడు. ఇంటివాళ్లకు ఇష్టంలేని పంచాయితీకి మన సైన్యం పెద్దమనిషిగా వెళ్లింది.

ఏమైంది? కాపలాకు పోయిన సైన్యం అక్టోబరు కల్లా యుద్ధంలో దిగింది. అదే నెల 21, 22 తేదీల్లో జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, డాక్టర్లు, నర్సులు మన సైన్యం కాల్పుల్లో చనిపోయారు. ఏ తమిళుల రక్షణకని వెళ్లిందో ఆ తమిళుల్లోనే ద్వేషం మూటగట్టుకుంది. తర్వాత గద్దెనెక్కిన ప్రేమదాస మన సైన్యాన్ని పొమ్మన్నాడు. దానిపై పోరాడే ఎల్‌టీటీఈకి ఆయుధాలూ ఇచ్చాడు. 1990 మార్చిలో ఆఖరి దళాలు మద్రాసు చేరితే స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. తప్పు జవాన్లదా? పంపినవాళ్లదా?

ఇది మన ఒక్కరి అనుభవమే కాదు. 1990 ఆగస్టులో పశ్చిమాఫ్రికా దేశాల కూటమి లైబీరియాకు శాంతిసేనను పంపింది. తిరుగుబాటు నేత చార్లెస్ టేలర్ ఒప్పుకోలేదు. నెల తిరక్కముందే అధ్యక్షుడు శామ్యూల్ డో ఆ శాంతిసేన కార్యాలయంలోనే మరో ముఠాకు చిక్కి హతమయ్యాడు. అదే లైబీరియాలో 2003లో ప్రభుత్వం, రెండు తిరుగుబాటు దళాలు కలిసి అక్రాలో సంతకాలు చేశాయి. ఆ తర్వాత వెళ్లిన సేనలు శాంతిని నిలబెట్టగలిగాయి. 2018లో ఐక్యరాజ్యసమితి సేన పని ముగించుకుని వెనుదిరిగింది. తేడా సేనలో లేదు, సంతకంలో ఉంది.

నాదెండ్ల నుంచి మాచర్ల దాకా పల్నాటి జనానికి ఇది కొత్త పాఠం కాదు. కారంపూడి వీరుల ఉత్సవాల్లో ఒక రోజు పేరే రాయబారం. మలిదేవుడి తరఫున సంధికి వెళ్లిన అలరాజు, నలగామరాజుకు స్వయానా అల్లుడు. అయినా విషం పెట్టి చంపారని వీరగాథ చెబుతుంది. మనసులు కలవని చోట అల్లుడి ప్రాణానికే దిక్కులేదు. పరాయి దేశపు సైనికుడికి ఏం దిక్కు?

పోనీ, ఒప్పందమైనా అమలైందా? ఉత్తర, తూర్పు రాష్ట్రాల విలీనాన్ని 2006లో శ్రీలంక సుప్రీంకోర్టు కొట్టేసింది. రాష్ట్ర మండళ్లయితే వచ్చాయిగానీ, భూమి, పోలీసు అధికారాలు కాగితం మీదే మిగిలాయి. అమలుకు పూచీలేని ఒప్పందాల విలువేమిటో ఉద్యమకారులకు ఒకరు చెప్పాలా?

అందుకే రేపు ఏ దేశానికి మన బిడ్డలను పంపాలన్నా పాలకులు ముందు పార్లమెంటులో మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. పోరాడుతున్నవాళ్లందరూ సంతకం చేశారా? సైన్యం తిరిగొచ్చేదెప్పుడు? హామీల అమలుకు పూచీ ఎవరు? వీటికి జవాబు లేకుండా పంపేది శాంతిసేన కాదు, మరో యుద్ధానికి మరో పక్షం!