వంకాయ కారు

మా కమ్మర్‌పల్లి పేరులోనే కమ్మరి ఉన్నాడు గదా! అయినా ఛందస్సు నోటుపుస్తకంలో గురులఘువుల పక్కన కారు బొమ్మ గీశాడని మా మేనల్లుణ్ణి మొన్న కేకలేశాను.

"ఇది ఎక్కడా లేని కారు మామా!" అన్నాడు.

"లేని కారెందుకురా?" అని కాగితం చింపేశాను. మా బావ పసుపు అమ్మి కట్టిన ఫీజు నా కళ్లముందు మెదిలింది మరి.

వాడు రెండు రోజులు మాట్లాడలేదు. ఆదివారం వెంటబెట్టుకుని హైదరాబాదు పోయాను. బహదూర్‌పురాలో, జూపార్కు దగ్గరే, సుధా కార్ల మ్యూజియం. కన్యాబోయిన సుధాకర్ గారు 2010లో తెరిచారు. వంకాయ కారట, బూటు కారట, క్రికెట్ బ్యాటు కారట! ఉత్త బొమ్మలనుకునేరు, ఇంజన్లున్నవి, నడిచేవి. చాలావాటికి ముడిసరుకు పాత ఇనుమే. తొడుగు వంకాయదైనా లోపలివాడికి స్టీరింగు తిరగాలి, దారి కనబడాలి. తమాషా వెనక ఎంత లెక్క!

ఇటలీలో మార్చెల్లో గాండిని 1970లో రూపుదిద్దిన లాంచియా స్ట్రాటోస్ జీరో ఎత్తు 33 అంగుళాలే. ముందు అద్దం ఎత్తి లోపలికి దిగాలి. మన సుధాకర్ గారిది దానికి ఎదురుదారి. 2005 జూలై 1న ఆయన తొక్కిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు! గిన్నిస్ పుస్తకానికెక్కింది.

మావాడు మాత్రం పై సొగసు చూడలేదు. నేలమీద కూర్చుని వంకాయ కింద ఇరుసెక్కడుందో వెతికాడు.

తిరుగు బస్సులో నా డైరీ అడిగాడు. ఇచ్చాను. ఆర్మూరు వచ్చేసరికి నాలుగు పేజీలు నిండాయి.

మా బావకేం చెప్పాలో ఇంకా తేలలేదు.