తప్పు అక్షరముదా, యంత్రముదా?

గన్నవరము ప్రాంతపు రైతొకడు ఇటీవల మాయొద్దకొక కాగితము తెచ్చెను. వాయిదాకు దాఖలు చేయవలసిన రైతుల జాబితా అది. ఒక కార్యాలయమువారు ఈమెయిలున పంపిరి. వారి తెరపై చక్కని తెలుగుగానే కనబడినదట. బజారులోని అంగడియందు అచ్చు తీయించగా, ఆయన పేరుండవలసిన చోట తలపై గీతగల ఇంగ్లీషు 'ఏ' అక్షరమును, ఎండవేడిమిని తెలుపు డిగ్రీ సున్నయును జంటలుజంటలుగా బారులు తీరియుండెను. "లాయరుగారూ, ఇది నా పేరేనని రేపు కోర్టులో ఎవరు నమ్ముతారండీ?" అని ఆయన ప్రశ్న. అంగడివాని తీర్పు మరియొకటి: "తెలుగు కంప్యూటరుకు పడదు బాబాయ్, ఇంగ్లీషులో పెట్టించుకో."

అంగడివానిని మేము తప్పుపట్టము. ఉన్నతోద్యోగులును, పట్టభద్రులును ఈ మాటనే వల్లించుచుండ ఆతడేమి చేయును? కాని ఆ మాట పచ్చి అబద్ధము.

కంప్యూటరునకు తెలుగును రాదు, ఇంగ్లీషును రాదు. దానికి వచ్చినవి అంకెలు. ఏ అంకె ఏ అక్షరమునకు గుర్తో మనుష్యులు చేసికొన్న ఒడంబడికయే యూనికోడు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునందే తెలుగునకు 128 స్థానములు కలవు. మనము నిన్న వచ్చి పంక్తి చివర కూర్చున్న చుట్టములము కాము. ఆ అంకెలను దాచు పద్ధతులు మాత్రము పెక్కులు. యుటిఎఫ్-8 అను పద్ధతిలో మన 'క' మూడు బైట్లుగా, అనగా మూడు చిన్న గడులుగా నిలువయుండును. మూడును కలిసి ఒక అక్షరమని యెరుగని యంత్రము వానిని విడివిడిగా చదివి గీతగల 'ఏ'ను, డిగ్రీ సున్నను, ఒక నల్లచుక్కను చూపును. యుటిఎఫ్-16లో అదే 'క' రెండు బైట్లు. కొన్ని యంత్రములు వానిలో పెద్దదానిని ముందుంచును, కొన్ని చిన్నదానిని. క్రమము తారుమారైనచో మన 'క' కెనడా ఆదిమవాసుల లిపిలోని అక్షరమై తేలును! ఏ పద్ధతిలో వ్రాయబడినదో దస్తావేజు మొదట గుర్తుపెట్టు సదుపాయమున్నది. ఆ గుర్తు పెట్టనివాడును, అడుగక ఊహించి చదివినవాడును ఇందు ముద్దాయిలు. అక్షరము కాదు.

ఇంతకంటె ఘోరము గడుల పిసినారితనము. ఇంగ్లీషుపేరును తలచుకొని పేరునకు 20 బైట్లు చాలునని యొకడు నిర్ణయించును. వెంకటేశ్వరరావు అను పేరునకు 42 బైట్లు కావలెను. ఇరువదింటిలో 'వెంకటే' వరకే పట్టును. మిగిలిన రెండు బైట్లలో 'శ'కారము మూడింట రెండువంతులు ఇరుకుకొని ప్రాణము విడుచును. బడిపిల్లవాడు ఒక్క అక్షరమని చెప్పు 'స్త్రీ' యంత్రమునకు ఆరు సంకేతములు, 18 బైట్లు. సెల్‌ఫోను సందేశమున ఇంగ్లీషునకు 160 అక్షరములు పట్టగా తెలుగునకు 70 సంకేతములే.

2018 ఫిబ్రవరిలో జరిగినది పాఠకులు మరచియుండరు. 'జ్ఞా' అను అక్షరము సందేశములో వచ్చినంతనే ఆపిల్ ఫోనులు స్తంభించినవి. తెలుగక్షరము ఫోనులను కూల్చుచున్నదని ప్రపంచపత్రికలు వ్రాసినవి. ఆడలేక మద్దెల ఓడన్న సామెత వారెరుగరు కాబోలు. ఆ నెల 19వ తేదీన 11.2.6 అను సవరణ వచ్చినది, జబ్బు కుదిరినది. సవరింపబడినది ఆపిల్ వారి సాఫ్టువేరు. 'జ్ఞా' వెంట్రుకవాసియైనను మారలేదు. ఇంతకు మించిన సాక్ష్యమే న్యాయస్థానము కోరును?

మన యింటి దోషమును కప్పిపుచ్చుట మాకిష్టము లేదు. రోమను అక్షరముల అంకెలకే తెలుగు వేషము తొడిగిన ఫాంటులతో మన ముద్రణాలయములు ఏండ్లతరబడి పుస్తకములు కూర్చినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరున తెరచితిమా, వేషము తొలగి రోమను చెత్తపోగు మిగులును. మంచి ఫాంటులు లేవను సాకు నేడు చెల్లదు. 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావుగారి పేర 'మండలి' అను యూనికోడు ఫాంటు ఉచితముగనే లభించుచున్నది. దివిసీమవాని పేరుగల అక్షరములను కృష్ణాతీరమున వాడక ఇంకెచట వాడుదురు?

"కాగితమును ఫొటో తీసి పంపిన పోదా?" అని కొందరందురు. ఫొటోలో పేరు వెదకగలరా? చూపులేనివారికి చదివి వినిపించు యంత్రము దానిని చదువునా?

కావున ఏ కార్యాలయమైనను, బ్యాంకైనను కంప్యూటరు వ్యవస్థను కొనునపుడు శ్రీ, స్త్రీ, జ్ఞా, వెంకటేశ్వరరావు అని వ్రాయించి చూడుడు. ఒక యంత్రమున దాచి మరియొకదాన తెరువుడు, సందేశముగా పంపుడు, అచ్చు తీయుడు, వెదకుడు. 'కుమార్' వంటి పొల్లు చివరి పేరును తప్పక వెదకుడు. పొల్లు వెనుక కంటికి కనబడని గుర్తొకటి నక్కియుండును. దానితో యంత్రమునకు ఒక కుమార్ ఇద్దరగును. ఎచట అక్షరము చెదరినను బిల్లు చెల్లింపవలదు.

రైతు సంగతి చెప్పుట మరచితిమి. ఆయనతో అంగడికి మేమే పోయి, జాబితాను తెరచునపుడు యుటిఎఫ్-8 అని ఎన్నుకొనుమంటిమి. అరనిమిషము పట్టలేదు, పేరు వచ్చినది. ఆ మీట ఎక్కడున్నదో కాగితముపై వ్రాసి యిమ్మని అంగడివాడు కోరెను. వ్రాసి యిచ్చితిమి.