పాదాలు చూడని వైద్యం

మా చిన్నమ్మ పురపాలక సంఘంలో కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికురాలు. తెల్లవారుజామున నాలుగింటికి చీపురు పట్టి, ఎండెక్కేదాకా ఒక టీ నీళ్లతో వీధులు ఊడుస్తుంది. ఇటీవల ఆమె వెంట ఒక ఆసుపత్రికి వెళ్లాను. వైద్యుడు రిపోర్టు చూసి, ‘అన్నం తగ్గించమన్నానా? రోజూ నడుస్తున్నావా?’ అని గద్దించి మాత్రల మోతాదు పెంచాడు. ఆమె ఏ పని చేస్తుందో, ఎప్పుడు తింటుందో అడగలేదు. పాదాల వంక చూడలేదు. నన్ను ‘మీరు’ అన్న నోరే ఆమెను ‘నువ్వు’ అంది.

ఇది మర్యాదకు మాత్రమే సంబంధించిన సమస్య కాదు, వైద్య వైఫల్యం కూడా. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు కడుపులో తిండి ఉన్నా లేకున్నా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. ఖాళీ కడుపుతో శ్రమించే మనిషికి చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. ఒకసారి రోడ్డు మీద కళ్లు తిరిగిన మనిషి భయంతో మాత్రను సగం చేసుకుంటే, ఆమెకు ‘మాట వినని రోగి’ అన్న ముద్ర పడుతుంది. చక్కెరను అతిగా అదుపు చేయబోతే ప్రమాదమని 2008లోనే అమెరికా, కెనడాలలో జరిగిన ‘అకార్డ్’ అధ్యయనం హెచ్చరించింది. తీవ్ర చికిత్స పొందినవారిలో మరణాలు పెరగడంతో ఆ చికిత్సను మధ్యలోనే ఆపేశారు. రోగి వయసును, ఇతర జబ్బులను, చక్కెర పడిపోయే ముప్పును బట్టి లక్ష్యాన్ని నిర్ణయించాలని నేటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన ఓపీల్లో మాత్రం తరచూ అందరికీ ఒకటే అంకె.

ఆ అంకె కూడా అందరి విషయంలో నిజం చెప్పదు. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష హిమోగ్లోబిన్‌పై ఆధారపడుతుంది. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనత ఉంటే ఆ అంకె అసలుకన్నా ఎక్కువగా, సికిల్ సెల్ వ్యాధి ఉంటే తక్కువగా కనిపించవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మంది రక్తహీనులు. ఆదివాసీ మహిళల్లో ఇది మరింత ఎక్కువ. సికిల్ సెల్ భారమూ ప్రధానంగా ఆదివాసులదే. అంటే వైద్యుడు ఎవరి మాట తక్కువగా వింటాడో, వారి విషయంలోనే పరీక్ష కూడా ఎక్కువగా తప్పుదారి పట్టించే అవకాశం ఉంది.

వైద్యులకు సమయం లేదన్నది నిజమే. కానీ ‘ఏం పని చేస్తావమ్మా, ఎప్పుడు తింటావు?’ అని అడగడానికి అర నిమిషం చాలు. ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యానికి హామీ ఇచ్చింది, పప్పుకు ఇవ్వలేదు. రేషన్ బియ్యమే ఆధారమైన ఇంట్లో అన్నం తగ్గించమంటే, దాని స్థానంలో ఏం తినాలో కూడా చెప్పాలి.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గ్లూకోమీటరు స్ట్రిప్పులు ఉచితంగా అందాలి. రక్తహీనతను చూడకుండా హెచ్‌బీఏ1సీని బట్టి మోతాదు పెంచకూడదు. మధుమేహ రోగి పాదాలను ఏటా ఒక్కసారైనా పరీక్షించాలి. స్పర్శ తెలియని పాదంలో పుండు పడితే కాలే పోవచ్చు. ఆ పరీక్షకు సన్నని నైలాన్ పోగు చాలు. అయితే వైద్యుడు వంగి, ఊడ్చే మనిషి పాదాన్ని చేత పట్టుకోవాలి. మన వైద్యవిద్య ఇంకా నేర్పని పాఠం అదే.