ఆంగ్లమునఁ గాలమును దెలుపు చిన్నమాటలు

బడులు తెఱచు దినములు వచ్చినవి. బిడ్డల దరఖాస్తులు నింపుట, రుసుములు చెల్లించుట మనలో ననేకులకుఁ దప్పని పని. కావున నీ మాసమున ఆంగ్లవ్యాకరణములోని యొక చిన్న భాగమును ముచ్చటింపఁ దలఁచితిమి. ఆబిడ్సులోని పెద్ద తపాలా కార్యాలయమునఁ గాని, నాంపల్లి రైలుస్టేషనునఁ గాని, కళాశాలల గోడలపైఁ గాని కనఁబడు ప్రకటనలలోఁ బెద్దమాటల యర్థము నిఘంటువున దొరకును. ఎట్, ఆన్, ఇన్, బై, టిల్ అను చిన్నమాటలే మనలను మోసగించును.

తెలుఁగున విభక్తి నామమునకు వెనుక వచ్చును. ఆంగ్లమున నా పని చేయు మాట ముందు వచ్చును. భేదమింతయే యైనచోఁ జిక్కు లేదు. కాని వారు కాలపు పరిమాణమును జూచి మాటను మార్చుదురు. గడియారపు ముల్లు చూపు సమయమునకు ఎట్. దినమునకు, తేదికి ఆన్. మాసమునకు, సంవత్సరమునకు ఇన్. రైలుబండి "ఎట్ ఫైవ్" బయలుదేరును. ఆబిడ్సు కాలిబాటలపైఁ బాతపుస్తకముల యంగడి "ఆన్ సండేస్" సాగును. నుమాయిషు "ఇన్ 1938" పబ్లిక్ గార్డెన్సులో నారంభమై, "ఇన్ 1946" నాంపల్లిలోని నేఁటి మైదానమునకు వచ్చినది. ఉదయమునకు "ఇన్ ది మార్నింగ్" అందురు. అది ఫలానా సోమవారపు టుదయమైనచో "ఆన్ మండే మార్నింగ్" అందురు. రాత్రికి మాత్రము "ఎట్ నైట్". నెక్స్ట్, లాస్ట్ అను మాటలు చేరినప్పుడు వీనిలో నేదియు నక్కఱలేదు. "ఆన్ నెక్స్ట్ సండే" అని వ్రాయరాదు.

నుమాయిషు నాంపల్లిలో 1946 నుండి జరుగుచున్నదని మనము వర్తమానమునఁ జెప్పుదుము. ఆంగ్లమున "సిన్స్ 1946" అన్నచోఁ గ్రియయు మాఱవలెను: "హ్యాజ్ బీన్ హెల్డ్" అనవలెను, "ఈజ్ హెల్డ్" అనరాదు. నాఁడు మొదలై నేఁటిదాఁక వచ్చిన కాలమంతయు నా క్రియలో నిముడవలయును.

సంస్కృతము చదివిన సోదరీమణులకు మఱియొక భేదము సులభముగా నందును. పని యెడతెగక సాగిన కాలమునకుఁ బాణిని ద్వితీయను, ఫలము చేకూరి పని ముగిసిన కాలమునకుఁ దృతీయను విధించెను. బాలుఁడు నెలదినములు చదివెనని చెప్పుట మొదటిది. పాఠము వచ్చెనో లేదో తెలియదు. నెలదినములలోఁ జదివి ముగించెననుట రెండవది. ఆంగ్లమున మొదటిది "ఫర్ ఎ మంత్", రెండవది "ఇన్ ఎ మంత్". అయినను రాఁబోవు కాలమున నొక మెలిక కలదు. "ఐ విల్ కమ్ ఇన్ టెన్ మినిట్స్" అని యెవరైన నన్నచోఁ బది నిమిషములు గడచిన పిమ్మట వత్తునని సాధారణముగా నర్థము. లోపలనే యని నొక్కి చెప్పుటకు "వితిన్" అను మాట కలదు.

ఇఁక నన్నిటికంటె నష్టము దెచ్చునది బై, టిల్ అను జంట. ఒక్కసారి ముగియు పనికి గడువును జెప్పునది బై. అంతవఱకు సాగు స్థితిని జెప్పునది టిల్. గ్రంథాలయపు పుస్తకమును శనివారము వఱకు ఉంచుకొనవచ్చును: ఇది "టిల్ సాటర్‌డే". దానిని శనివారమునకెల్ల తిరిగి యీయవలెను: ఇది "బై సాటర్‌డే". "పే ది ఫీ బై జూన్ 10" అన్నచో, 10వ తేదిని గాని అంతకు ముందు గాని కట్టవచ్చును; 11వ తేది పనికిరాదు. "బిఫోర్ జూన్ 10" అన్నచో 9వ తేదితోనే గడువు సరి. ఈ రెంటికిని నడుమ నొక్క దినమే భేదము. ఆ యొక్క దినముననే బిడ్డకు దొరకవలసిన చోటు చేజారవచ్చును. "క్లోజ్డ్ టిల్ జూన్ 10" అను ప్రకటన కనఁబడినచో, 10వ తేదినాఁడు తలుపు తెఱతురా యని యడిగి తెలిసికొనుట మేలు; ఇంగ్లీషు వారికే యిచట సందేహము కలుగును.

మాట యేదో తెలిసిన పిమ్మట దాని చోటును గూడఁ జూడవలెను. ఉపాధ్యాయురాలు బాలికలతో "ఆన్ మండే" చెప్పెనా, లేక "ఆన్ మండే" రమ్మనెనా? ఆంగ్లమున నా మాటలు "టు కమ్" అనుదానికి ముందున్నచో చెప్పిన దినము, తరువాత నున్నచో రావలసిన దినము అని సాధారణముగాఁ గొనవచ్చును. "సోమవారము రమ్మని చెప్పెను" అను మన వాక్యమునను ఈ చిక్కు లేకపోలేదు.

కావున సోదరీమణులారా, కాగితము చేతికి వచ్చినప్పుడు తేదికి ముందున్న చిన్నమాటను మొదటఁ జదువుఁడు. దాని ప్రక్కనే వఱకు, లోపల, ముందు అని తెలుఁగున వ్రాసికొనుఁడు. సంతకము పిదపఁ జేయవచ్చును. వచ్చు మాసమున స్థలమును దెలుపు మాటలను గూర్చి వ్రాయుదుము.