పది రూపాయల నోటుకు జైలా?

"సార్, రోడ్డు మీద పది రూపాయలు దొరికితే కలెక్టరుకు చెప్పాలటగా? లేకపోతే జైలటగా?" పోటీ పరీక్షలకు పాఠాలు చెప్పే నాకు ఏ బ్యాచ్‌లోనైనా ఈ ప్రశ్న తప్పదు. ఫోన్లలో తిరిగే 'వింత చట్టాల' జాబితా చలవ ఇది.

అప్పుడు ఆ చట్టాన్నే వాళ్ల ముందు పెడతాను. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం. రోడ్డు మీది నోటు ఊసే అందులో లేదు. నేలలోనో, నేలకు అంటుకుని ఉన్న దాంట్లోనో దాగి ఉన్న సొత్తునే అది నిధి అంటుంది. విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. పది రూపాయలు నిజమే, జైలూ నిజమే. నేల సంగతే ఎగిరిపోయింది.

ఎగిరిపోయింది అదొక్కటే కాదు. నిధి తమదని రుజువు చేసుకున్నవాళ్లు లేకపోతే, భూయజమానికీ దొరికినవాడికీ ఒప్పందం లేకపోతే, ముప్పావు వంతు దొరికినవాడిదే, పావు వంతు యజమానిది. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. పునాది తవ్వుతుండగా గడ్డపారకు లంకెబిందె తగిలిన కూలీకి తెలియాల్సింది ఇదీ! జాబితా అతనికి జైలు భయాన్ని మాత్రమే నూరిపోసింది. భయపడ్డవాడు కలెక్టరాఫీసు మెట్లెక్కడు. గుట్టుగా కరిగించేవాణ్ని వెతుక్కుంటాడు. ఏ రాజు కాలానిదో చెప్పగల నాణెం లోహపు ముద్దవుతుంది. నాకు బాధ అక్కడ.

ఆంధ్రప్రదేశ్‌లో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌కు తళతళలాడే పళ్లుండాలని 1914 చట్టం చెబుతోందన్నది మరో ప్రచారం. ఆ చట్టం స్థానంలో 1939లోనే కొత్తది వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956లో! ఇక పుచ్చిపళ్లు, ఫ్లాట్ ఫుట్ లాంటివి మన పోలీసు నోటిఫికేషన్లలో అనర్హతలుగా కనిపిస్తాయి. ఎస్సై ఉద్యోగానికి చదివే మా పిల్లలకు అవి కంఠస్థం. ఉద్యోగానికి దేహదారుఢ్యం చూడటంలో వింతేముంది?

పత్రికల్లో ఖాళీ జాగా నింపడానికి ఇలాంటివి వేసే మిత్రులకు నాదొక్కటే విన్నపం. చట్టం పేరు, సంవత్సరం, సెక్షన్ నంబర్ లేనిదే అచ్చుకు పంపకండి. కేంద్ర చట్టాల మూలపాఠాలు ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ట్రెజర్ ట్రోవ్ చట్టం ఆసాంతం చదవడానికి అరగంట చాలు. అంత తీరిక లేని రోజున ఆ జాగాలో బస్సుల వేళలు వేయండి.