శిక్షణ విమానాలకు గద్దల గండం

శిక్షణ విమానానికి పక్షి తగిలే ప్రమాదం నేలకు దగ్గర్లోనే ఎక్కువ. విద్యార్థులు రన్‌వే చుట్టూ సుమారు 1,000 అడుగుల ఎత్తులో తిరుగుతూ పదేపదే దిగుతారు, లేస్తారు. గద్దలు, కొంగలు, పావురాలు ఎగిరేదీ ఆ ఎత్తులోనే. పెద్ద ప్రయాణికుల విమానం ముందు అద్దం 1.8 కిలోల పక్షి దెబ్బను తట్టుకోవాలని నిబంధన ఉంది. సెస్నా 172 వంటి నాలుగు సీట్ల విమానానికి అది వర్తించదు. పైలట్‌కు అడ్డుగా ఉండేది పలుచని అక్రిలిక్ పలకే. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో గద్ద తగిలితే ఆ పలక పగిలి, ముక్కలూ గాలీ కలిసి ముఖాన కొట్టవచ్చు. ఆ క్షణంలో కంగారుపడి విమానం ముక్కు పైకెత్తితే వేగం పడిపోతుంది, అంత తక్కువ ఎత్తులో తేరుకునే వ్యవధి ఉండదు. అందుకే ముందు విమానాన్ని అదుపులో ఉంచడం, ఆ తర్వాతే రేడియోలో చెప్పడం అన్న క్రమాన్ని విద్యార్థికి తొలి పాఠాల్లోనే నూరిపోయాలి.

ఈ ప్రమాదానికి అసలు మూలం విమానాశ్రయం కంచె బయట ఉంది. 1937 నాటి భారత విమాన నిబంధనల్లో 91వది విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల పరిధిలో పక్షులను రప్పించే చెత్త వేయడాన్ని, జంతువధను నిషేధించింది. కోడిమాంసం దుకాణాల వ్యర్థాలు రోడ్డు పక్కన గుమ్మరిస్తుంటే గద్దలు రాక మానవు. వాటిని రోజూ ఎత్తించాల్సింది, పారబోసినవారికి జరిమానా వేయాల్సింది మున్సిపాలిటీలే.