ఒకే పేరు, రెండు శిబిరాలు: ఇద్దరు మిత్సుయేల కథ ఇప్పుడెందుకు?

అమెరికాలో గత ఏడాది వసంతంలో విదేశీ విద్యార్థులను, పరిశోధకులను అరెస్టు చేసి రాత్రికి రాత్రే వేల కిలోమీటర్ల దూరంలోని నిర్బంధ కేంద్రాలకు తరలించినప్పుడు, వాళ్ల న్యాయవాదులు ఒక పాత కేసు ఫైలు దుమ్ము దులిపారు. 1944 నాటి ఆ కేసు పేరు ‘ఎక్స్‌పార్టీ ఎండో’. దాని వెనకున్న మనిషి మిత్సుయే ఎండో. ఒక టైపిస్టు.

ఎండో 1920లో శాక్రమెంటోలో పుట్టారు. కాలిఫోర్నియా మోటారు వాహనాల శాఖలో ఉద్యోగం. జపాన్ ఎన్నడూ చూడలేదు, ఆ భాష రాదు, మతం మెథడిస్టు క్రైస్తవం, అన్నదమ్ముల్లో ఒకరు అమెరికా సైన్యంలో ఉన్నారు. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత ఇవేవీ ఆమెను కాపాడలేదు. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066వ ఉత్తర్వు ఆధారంగా పశ్చిమ తీరంలోని సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారిని శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే.

న్యాయవాది జేమ్స్ పర్సెల్‌కు కావలసింది సరిగ్గా ఇలాంటి పిటిషనరే. విశ్వాసపాత్రతను శంకించడానికి ప్రభుత్వానికి చిన్న సందు కూడా దొరక్కూడదు. 1942 జూలైలో ఆమె తరఫున హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. పశ్చిమ తీరానికి తిరిగి రానని ఒప్పుకుంటే వదిలేస్తామని ప్రభుత్వం బేరం పెట్టింది. ఒప్పుకుంటే ఆమె బయటపడేది, కేసు నీరుగారిపోయేది. ఎండో ఒప్పుకోలేదు. తీర్పు వచ్చేదాకా ముళ్లకంచె వెనకే ఉండిపోయారు. ఈ కథలో అసలు సాహసం కోర్టు గదిలో కాదు, ఇక్కడ ఉందని నా అభిప్రాయం.

1944 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆమె పక్షాన తీర్పిచ్చింది. విశ్వాసపాత్రురాలని ప్రభుత్వమే ఒప్పుకున్న పౌరురాలిని నిర్బంధించే అధికారం ఎవరూ ఇవ్వలేదని తేల్చింది. ఆ మాట అంటూనే రాజ్యాంగ ప్రశ్నను మాత్రం పక్కన పెట్టేసింది. అదే రోజు కొరెమాట్సు కేసులో బలవంతపు తరలింపును 6-3 తేడాతో సమర్థించింది కూడా. ఒక చేత్తో తలుపు తీసి, రెండో చేత్తో గొళ్లెం పెట్టడమంటే ఇదే. తీర్పుకు ముందురోజే, పశ్చిమ తీరానికి తిరిగి వెళ్లవచ్చని సైన్యం ప్రకటించడం మరో విశేషం.

నేటి న్యాయవాదులకు పనికొచ్చింది ఆ తీర్పులోని మరో అంశం. కేసు నడుస్తుండగా ఎండోను కాలిఫోర్నియాలోని టూలీ లేక్ నుంచి యూటాలోని టోపాజ్ శిబిరానికి మార్చారు. అయినా పిటిషన్ పడిన కోర్టు తన అధికార పరిధిని కోల్పోదని సుప్రీంకోర్టు చెప్పింది. ఖైదీని ఊరు మార్చి న్యాయస్థానాన్ని తప్పించుకోవడం కుదరదన్నమాట. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడైన భారతీయుడు బదర్ ఖాన్ సూరిని 2025 మార్చి 17న వర్జీనియాలో నిర్బంధించి లూసియానాకు, అక్కడి నుంచి టెక్సాస్‌కు తీసుకెళ్లారు. పిటిషన్ పడేసరికే ఆయనను వర్జీనియా దాటించేశాం కాబట్టి అక్కడి కోర్టుకు అధికారం లేదన్నది ప్రభుత్వ వాదన. కొద్ది గంటల తేడా మీద ఒక మనిషి స్వేచ్ఛ వేలాడింది. వర్జీనియా న్యాయమూర్తి ఆ వాదనను అంగీకరించలేదు. మే 14న సూరి విడుదలయ్యారు. అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న హైదరాబాద్, గుంటూరు తల్లిదండ్రులకు ‘పరిధి’ అనేది ఇక వకీళ్ల పదం మాత్రమే కాదు.

రెండో మిత్సుయేకు ఎండోకున్న ఆ పౌరసత్వపు ఆసరా కూడా లేదు. మిత్సుయే యమాడా 1923లో జపాన్‌లోని ఫుకుఓకాలో పుట్టి సియాటిల్‌లో పెరిగారు. తండ్రి అమెరికా వలస శాఖలోనే దుబాసీ. అయినా పెర్ల్ హార్బర్ తర్వాత ఎఫ్‌బీఐ ఆయన్ను పట్టుకెళ్లింది. కుటుంబం ఐడహోలోని మినిడోకా శిబిరానికి చేరింది. జపాన్‌లో పుట్టినవారు అమెరికా పౌరులయ్యే వీలే అప్పట్లో లేదు. భారతీయులదీ అదే గతి: 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు మనవాళ్లకూ తలుపు మూసింది. మనకు అది 1946లో తెరుచుకుంటే, జపనీయులకు 1952 దాకా ఆగాల్సి వచ్చింది. యమాడా 1955లో పౌరురాలయ్యారు.

చదువు కోసం శిబిరం దాటి సిన్సినాటి వెళ్లిన ఆమె తర్వాత అధ్యాపకురాలయ్యారు, ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌లో పనిచేశారు. శిబిరం అనుభవాలపై రాసిన కవితలు ‘క్యాంప్ నోట్స్’గా 1976లో, అంటే మూడు దశాబ్దాల తర్వాత వెలువడ్డాయి. ఎండో షికాగోలో స్థిరపడి తన కేసు గురించి పెదవి విప్పడమే అరుదుగా బతికారు. ప్రభుత్వం 1988లో చట్టం చేసి, బతికున్న బాధితులకు క్షమాపణతో పాటు తలా 20,000 డాలర్లు ఇచ్చింది.

ఎండో 2006లో మరణించారు. 2025 జనవరి 2న అధ్యక్షుడు బైడెన్ ఆమెకు మరణానంతరం ప్రెసిడెన్షియల్ సిటిజన్స్ మెడల్ ప్రకటించారు. పది వారాలు తిరిగేసరికి ట్రంప్ ప్రభుత్వం వెనెజువేలా వలసదారుల మీద 1798 నాటి శత్రుదేశీయుల చట్టాన్ని ప్రయోగించింది. అంతకుముందు ఆ చట్టం కింద మనుషుల్ని నిర్బంధించింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో.